కౌంట్

మొదటి నెలంతా నా నోట్లో రెండే మాటలు.
అది. ఇది.
"సార్, అది ఇందులోకి పోవడంలా."
"ఏది? ఎందులోకి?" అంటాడు పెంచల నరసింహం సారు
కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కించి.
నేను చూపుడువేలితో తెరని పొడుస్తా.
వేలిముద్ర పడుద్ది.
జవాబు పడదు.

కావలి కాలేజీ ల్యాబులో
మస్తాన్‌బీ నాకంటే ధైర్యస్తురాలు.
"ప్రోగ్రాం లగెత్తడంలా సార్" అనింది ఒకరోజు.
పిలకాయలంతా పడీపడీ నవ్వారు.
సారు నవ్వలా.
"రన్ అంటే లగెత్తడమేగా, తప్పేముంది.
యాడదాకా లగెత్తి
యాడ బోర్లాపడిందో అది చెప్పు."

అర్రే అన్నాడు.
"ఎవర్ని పిలస్తన్నాడే?" అని మస్తాన్‌బీ నా చెవిలో.
ఆర్గ్యుమెంట్ అన్నాడు,
అది మా ఊరి కొళాయి కాడ రోజూ ఉండేదే.
ఫంక్షన్ అన్నాడు.
మాకు ఫంక్షనంటే ఓణీల నాడు షామియానా, మైకులో చదివింపులు,
తెచ్చింది పుచ్చుకుని
పోయేటప్పుడు తాంబూలం చేతిలో పెట్టి పంపేది.
(తరవాత తెలిసింది, ఇదీ అంతేనని.)

అన్నీ నోట్సులోకి ఎక్కించా.
అప్పజెప్పా. ఇరవైకి పద్దెనిమిది.
మాటలొచ్చాయి గానీ
మాట్లాడ్డం రాలా.

శనివారం రాత్రి ఇస్కపల్లిలో
నాయన వెనకాలే గెనెం మీద నడస్తన్నా, టార్చి పట్టుకుని.
చెక్ ట్రే పైకి లాగి, ఒక రొయ్యని వెలుగుకి అడ్డం పెట్టి చూసి
ఫోను తీశాడు.
"మూడో గుంట. అరవై రెండో రోజు.
డీఓ మూడున్నర.
ట్రేలో పావొంతు మేత మిగిలింది, పేగు నడిమికి తెగింది.
ఏరేటర్లు నాలుగు, తిరిగేవి మూడు."
అంతే, పెట్టేశాడు.
ఒక్క 'అది' లేదు.
ఒక్క 'ఇది' లేదు.

నాయన చదివింది ఏడు.
"ఈ మాటలన్నీ యాడ నేర్చినావు నాయనా?"

"కౌంటు నేర్చింది మటుకు నలభై ఎనిమిది వేలకి" అన్నాడు,
ట్రే మళ్ళీ నీళ్ళలోకి దించతా.
"తొలి పంట. సరుకు చూసి, యాభై కౌంటు అన్నాడు కొనేవాడు.
ఏదో మెచ్చుకున్నాడనుకుని తలూపినా.
కిలోకి ఎన్ని తూగితే అంత కౌంటని,
తక్కువయ్యే కొద్దీ రేటు పెరగద్దని,
మనయ్యి నలభై అని
లారీ అల్లూరు దాటినాక ఎవురో చెప్పారు."

"డీఓ?"

కాసేపు ఏరేటరు చప్పుడే.
"ఆ ఏడు రెండో గుంటలో రొయ్యలు పైకొచ్చి తేల్తా ఉంటే
నీళ్ళకి ఏదో అయింది సామీ, అని ఫోను చేసినా.
ఏదో అంటే ఏంది, అన్నాడు వాడు.
ఏందో నేను చెప్పేలోపల
తెల్లారింది."

సోమవారం.
చెయ్యెత్తా. వేలు చూపించలా.
"సార్, పద్నాలుగో లైను.
లూపు అయిదుసార్లు తిరగాల. నాలుగే తిరగతా ఉంది.
కండిషను సరిగ్గానే ఉంది, అయిదుకంటే తక్కువ ఉన్నంతసేపని.
కౌంట్ అనే వేరియబుల్‌ని ఒకటితో మొదలు..."

ఆగిపోయా.
కుర్చీలోంచి సగం లేచిన సారు
మళ్ళీ కూచున్నాడు.
ఒకటి చెరిపి సున్నా పెట్టా.

రికర్షన్ ఇంకా కొత్త చెప్పులా కరస్తానే ఉంది.
పాయింటర్ పేరెత్తితే మస్తాన్‌బీ బాత్రూంకి పోతాది.
అయినా ఆ సాయంత్రం
బస్టాండులో వేరుశెనక్కాయలు వలస్తా ఉంటే
నాయన ఫోను.
"మీ గుంటలో ఏందమ్మా సంగతి?"

"లగెత్తింది నాయనా."

"ఎన్నిసార్లు?"